రాత్రి ఇరవై నిమిషాల నుంచి పగలు నలభై సెకన్లకు: పని ఒత్తిడిలో మైండ్‌ఫుల్‌నెస్, ఒక కేస్ స్టడీ

ఇది ఏ ఒక్కరి వివరాలూ కావు. పని ఒత్తిడితో కౌన్సెలింగ్‌కు వచ్చేవారిలో తరచూ కనిపించే లక్షణాలు, చేసే పొరపాట్లు, స్కోర్లు మారే తీరు కలిపి రాసిన కేసు. కాబట్టి ఇందులోని అంకెలను పద్ధతి అర్థం కావడానికి వాడుకోవాలి, ఫలితానికి హామీగా కాదు.

వచ్చిన సమస్య

క్లయింట్ వయసు 38. అకౌంట్స్ విభాగంలో ఆరుగురి బృందానికి లీడ్. బడికి వెళ్లే పిల్లలు ఇద్దరు. బృందంలో ఒకరు ఉద్యోగం మానేశాక ఆ ఖాళీ నిండలేదు, ఆ పని ఎనిమిది నెలలుగా ఈమె మీదే ఉంది. పక్క మీద వాలాక గంట దాటినా నిద్ర పట్టదు. పొద్దున లేచేసరికి దవడ నొప్పి. మధ్యాహ్నానికి మెడా భుజాలూ బిగుసుకుపోతాయి. సాయంత్రం ఇంట్లో చిన్న మాటకే కసురుకుంటున్నారు.

మొదటి సెషన్‌లో ఆమె అన్న ఒక మాట కేసు మొత్తానికీ దారి చూపింది: "పిల్లల మీద అరిచేశాక, వాళ్ల మొహాలు చూశాక గానీ నేను అరిచానని నాకు తెలియట్లేదండీ." ఒత్తిడి ఎంత ఉందన్నది ఒక ప్రశ్న. అది మొదలైనట్టు ఎంత ఆలస్యంగా తెలుస్తోందన్నది వేరే ప్రశ్న. పనిభారాన్ని కౌన్సెలింగ్ గదిలో కూర్చుని తగ్గించలేం. ఈ ఆలస్యాన్ని మాత్రం తగ్గించవచ్చు. ఈ కేసులో అభ్యాసాలన్నీ దాని కోసం ఎంచుకున్నవే.

మైండ్‌ఫుల్‌నెస్‌కు, అంటే ఈ క్షణంలో ఒంట్లో, మనసులో ఏముందో ఉన్నది ఉన్నట్టు గమనించే అభ్యాసానికి, ఆమె కొత్త కాదు. ఫోన్ యాప్‌లో ఇరవై నిమిషాల ఆడియో పెట్టుకుని, లైటు తీసేసి, పక్క మీద కళ్లు మూసుకుని శ్వాసను గమనించే అభ్యాసం నెల రోజులు చేశారు. ఐదారు నిమిషాలకే ఎద పట్టేసినట్టు ఉండేది, గుండె దడ పెరిగేది. తనకు ధ్యానం కూడా చేతకాదని తేల్చుకుని మానేశారు.

అంచనా

అభ్యాసం నేర్పేముందు చూడాల్సినవి రెండు రకాలు. మొదటిది శరీరం. దడ, నిద్రలేమి, అలసట అన్నింటికీ ఒత్తిడే కారణం అనుకోకూడదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా ఇవే లక్షణాలు వస్తాయి. అందుకని ముందు డాక్టరు దగ్గరికి పంపాం. రక్తపోటు, థైరాయిడ్, హిమోగ్లోబిన్ మామూలుగానే ఉన్నాయి. పళ్లు అరిగిన గుర్తులు ఉన్నాయని దంతవైద్యుడు చెప్పి, రాత్రి పెట్టుకునే గార్డు ఇచ్చారు. నిద్రలో పళ్లు నూరడాన్ని పగటి అభ్యాసం ఆపుతుందని ఆశ పెట్టడం సరికాదు కాబట్టి ఆ గార్డు అవసరమే.

రెండోది మనసు. పాత భయానక అనుభవాల జ్ఞాపకాలు చొచ్చుకురావడం, పానిక్ అటాక్‌లు, ఆత్మహత్య ఆలోచనలు, గతంలో సైకోసిస్ (లేనివి ఉన్నట్టు కనిపించడం, వినిపించడం, నమ్మడం) లేదా మేనియా (అదుపు తప్పిన ఉద్రేకం, ఉత్సాహం) ఉన్నాయా అని ఒక్కొక్కటే నేరుగా అడగాలి. "ఇంకేమైనా ఇబ్బందులు ఉన్నాయా?" అని ఒకే ప్రశ్నతో సరిపెడితే చాలామంది లేవనే అంటారు. ఈమెకు ఇవేవీ లేవు. డిప్రెషన్‌కు వాడే పీహెచ్‌క్యూ-9లో 27కి 7, ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగే చివరి ప్రశ్నకు సున్నా. ఆందోళనకు వాడే జీఏడీ-7లో 21కి 9. నిద్రలేమి తీవ్రతను కొలిచే ఐఎస్ఐలో 28కి 16, అంటే మధ్యస్థ స్థాయి.

ఒత్తిడికి 1983లో కోహెన్ బృందం ప్రచురించిన పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ వాడాం, దాని పది ప్రశ్నల రూపంలో. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4, మొత్తం 40. ఆమె స్కోరు 27. ఈ స్కేల్‌తో రెండు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి. 4, 5, 7, 8 ప్రశ్నలు సానుకూలంగా అడిగినవి. వాటి అంకెలను తిప్పి లెక్కించాలి, 4 ఉంటే 0, 3 ఉంటే 1. అది మరిచిపోతే మొత్తం స్కోరుకు అర్థమే ఉండదు. రెండోది, ప్రశ్నలన్నీ "గడచిన నెలలో" అని అడుగుతాయి. వారం వారం అదే కాగితం నింపిస్తే పాత మూడు వారాల జ్ఞాపకం కూడా అందులో కలుస్తుంది. నాలుగు వారాలకు ఒకసారి చాలు. ఇది రోగనిర్ధారణ పరీక్ష కూడా కాదు, అదే మనిషిని అదే మనిషితో పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

ఆ తర్వాత మూడు పనిదినాలు ఒక చిన్న పని ఇచ్చాం. శరీరం బిగుసుకున్నట్టు తెలిసినప్పుడల్లా సమయం, చోటు, ఏ భాగం అన్నవి మాత్రం రాయాలి. కారణాలు రాయవద్దు. కారణం రాయమంటే అందరూ వ్యాసం మొదలుపెడతారు. వచ్చిన కాగితంలో గుంపులు మూడు కనిపించాయి: ఉదయం మెయిల్ తెరిచినప్పుడు దవడ, పదకొండింటి సమీక్ష సమావేశానికి ముందు భుజాలు, సాయంత్రం ఇంటి గుమ్మం దగ్గర పొట్ట. రాత్రి పక్క మీద ఏమీ లేదు, మెలకువగా ఉండటం తప్ప. అంటే బిగువు పుట్టేది పగలు, ఆమె అభ్యాసం చేసింది రాత్రి.

రాత్రి అభ్యాసం ఎందుకు ఎదురుతిరిగింది

విశ్రాంతి కోసం చేసిన అభ్యాసమే ఆందోళన పెంచడం కొత్త సంగతి కాదు, 1980ల నుంచీ క్లినికల్ పరిశోధనల్లో నమోదైనదే. రోజంతా కాపలా కాస్తున్న మనసుకు ఒక్కసారిగా కాపలా సడలడం ప్రమాదంలా అనిపిస్తుంది. పైగా చీకట్లో, కళ్లు మూసుకుని, ఎద మీదే ధ్యాస పెడితే అక్కడి ప్రతి కదలికా పెద్దదిగా తెలుస్తుంది. ఊపిరి సరిగ్గా వస్తోందా అని చూడటం మొదలవగానే ఊపిరిని తనకు తెలియకుండానే పట్టి లాగుతారు. అప్పుడు ఎద బిగుస్తుంది, బిగుసుకున్న ఎదను గమనించి భయపడతారు, దడ పెరుగుతుంది.

ఇక నిద్ర. నిద్ర కోసం చేసిన అభ్యాసంలో రెండు నిమిషాలకోసారి "నిద్ర వస్తోందా?" అన్న తనిఖీ ఉంటుంది. ఆ తనిఖీయే మెలకువ. దీన్ని మాటలతో ఒప్పించడం కష్టం. అందుకే వాదించలేదు. మేము అనుకున్న కార్యక్రమం ఎనిమిది వారాలది, ఆ ఎనిమిది వారాలు పక్క మీద ఏ అభ్యాసమూ చేయవద్దన్నాం. ఇరవై నిమిషాలు అయినట్టు అనిపిస్తే, గడియారం చూడకుండా, లేచి మసక వెలుతురులో కూర్చుని, మగత వచ్చాకే మళ్లీ పడుకోవాలి. కాఫీ రోజుకు ఐదు కప్పులు తాగుతున్నారు, చివరిది సాయంత్రం ఆరింటికి. కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ వద్దన్నాం. నిద్రలో వచ్చిన మార్పు ఎంతవరకు దీనివల్ల అన్నది విడదీసి చెప్పలేం, ఆ సంగతి కొలతల దగ్గర గుర్తుంచుకోవాలి.

ప్రణాళిక

జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో మొదలుపెట్టిన ఎంబీఎస్ఆర్ (మైండ్‌ఫుల్‌నెస్ ఆధారంగా ఒత్తిడి తగ్గించే) కార్యక్రమం ఎనిమిది వారాలది. వారానికోసారి దాదాపు రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల అభ్యాసం. ఈ క్లయింట్‌కు రోజుకు 45 నిమిషాలు లేవు. లేని సమయాన్ని అడిగితే మూడో రోజుకు అపరాధ భావం మొదలవుతుంది, ఒత్తిడి జాబితాలో ఇంకో పని చేరుతుంది. చిన్న అభ్యాసాలు పెద్ద కార్యక్రమంతో సమానమని మేము అనం. ఆమె విషయంలో సరైన చోట పడే నలభై సెకన్లు, వాయిదా పడే నలభై ఐదు నిమిషాలకన్నా నయమని మాత్రం అనుకున్నాం.

ఆశించాల్సింది ఎంతో ముందే చెప్పాం. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 47 ప్రయోగాలను, 3,515 మందిని కలిపి చూసింది. మైండ్‌ఫుల్‌నెస్ కార్యక్రమాలు ఆందోళన, డిప్రెషన్, నొప్పి విషయంలో కొంత మెరుగుదల ఇస్తాయనడానికి మధ్యస్థ బలం ఉన్న ఆధారం, ఒత్తిడి విషయంలో తక్కువ బలం ఉన్న ఆధారం దొరికాయి. మందులూ వ్యాయామమూ లాంటి ఇతర చికిత్సలకన్నా ఇది మేలన్న ఆధారం ఆ సమీక్షలో కనిపించలేదు. ఇది వింటే క్లయింట్ నిరుత్సాహపడతారని కొందరు చెప్పరు. అనుభవం అందుకు విరుద్ధం: అద్భుతం జరగాలన్న బరువు దిగిపోతే అభ్యాసం తేలికవుతుంది.

సూత్రాలు నాలుగు పెట్టుకున్నాం. కళ్లు తెరిచే ఉండాలి. ధ్యాసకు ఆసరా ఎదకు దూరంగా ఉండాలి, అంటే అరికాళ్లు, చేతులు, శబ్దాలు. ఒక్కో అభ్యాసాన్ని రోజూ జరిగే ఒక పనికి తగిలించాలి. ప్రశాంతత వచ్చిందా లేదా అని కొలవకూడదు.

తగిలించే పని ఎంపిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అభ్యాసాలు నిలిచేదీ జారిపోయేదీ ఇక్కడే. ఆ పని రోజూ తప్పక జరగాలి. దాని మొదలు స్పష్టంగా తెలియాలి. అక్కడ అరనిమిషమైనా సహజంగా ఖాళీ ఉండాలి. ఈమె మొదట "మెయిల్ వచ్చినప్పుడల్లా" అన్నారు. రోజుకు వందసార్లు మోగేదాన్ని రెండో రోజుకే చెవి పట్టించుకోదు. తర్వాత ఫోన్‌లో గంటగంటకూ అలారం పెట్టారు. అది సమావేశాల మధ్యలో మోగి, ఆపేయాల్సిన వస్తువుగా మారింది. చివరికి కుదిరినవి: లాప్‌టాప్ పాస్‌వర్డ్ కొట్టేముందు, సమావేశం గది తలుపు పట్టుకునేముందు, చేతులు కడుక్కునేటప్పుడు, బండి ఆపాక ఇంటి తలుపు వరకు. "ఒత్తిడి అనిపించినప్పుడు చేస్తాను" అన్నది పనికిరాదు. ఒత్తిడి వచ్చినట్టు తెలియకపోవడమే కదా ఆమె సమస్య.

అభ్యాసాలు, వారాల వరుసలో

మొదటి రెండు వారాలు ఒకే అభ్యాసం, అరికాళ్లు. పాస్‌వర్డ్ కొట్టేముందు పాదాలు రెండూ నేలకు ఆనించాలి. మడమల మీద పడుతున్న బరువు, వేళ్ల కింది స్పర్శ, పాదం అంచుల దగ్గర చల్లదనమో వెచ్చదనమో, ఒక్కోచోట రెండు మూడు ఊపిరుల సేపు. తర్వాత దూరంగా వినిపించే ఒక శబ్దం, దగ్గరగా వినిపించే ఒక శబ్దం. ఆపైన దవడ ఎలా ఉందో ఒక్కసారి చూసి పని మొదలుపెట్టాలి. మొత్తం నలభై సెకన్లు, మహా అయితే నిమిషం.

ఇందులో జరిగే తప్పులు చిన్నవిగానే కనిపిస్తాయి. చాలామంది పాదాలను నేలకేసి నొక్కుతారు, అది గమనించడం కాదు, ఇంకో బిగువు. మరికొందరు పాదాల బొమ్మను మనసులో చూస్తారు, స్పర్శ దగ్గరికి వెళ్లరు. ఈమెది రెండో రకం. వేళ్లను రెండుసార్లు ఆడించి ఆపేయమన్నాం. ఆపాక మిగిలే చిమచిమ బొమ్మ కాదు, స్పర్శే. దవడను చూడమన్నప్పుడు వెంటనే వదులు చేసేశారు. వదులైతే మంచిదే, కానీ చూడకముందే వదులు చేసే అలవాటు పడితే బిగువు ఎప్పుడు మొదలైందో ఎప్పటికీ తెలియదు. ముందు ఒక ఊపిరి సేపు ఉన్నది ఉన్నట్టు చూడటం, తర్వాతే మిగతాది. పెదవులు కలిసి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య కొంచెం ఎడం ఉండటం దవడకు సహజమైన విశ్రాంతి స్థితి. పళ్లు తాకుతున్నాయంటే కండరం పనిచేస్తోందని ఆమెకు అప్పుడే తెలిసింది.

మూడో వారంలో చేతులు కడుక్కోవడం చేరింది. నీటి వేడిమి, సబ్బు జారుడు, నీటి చప్పుడు, తుడుచుకునేటప్పుడు గుడ్డ గరుకు. ఎలాగూ ఇరవై సెకన్లు పట్టే పని, అదనపు సమయం అక్కర్లేదు. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు, అందరికీ కుదిరేది ఇదే.

అదే వారంలో శ్వాసను కూడా తెచ్చాం, అయితే గమనించే అభ్యాసంగా కాదు, లెక్కగా. ముక్కుతో నాలుగు అంకెల సేపు తీసుకోవడం, ఆరు అంకెల సేపు వదలడం. ఒక్కో అంకె ఒక సెకను అనుకుంటే నిమిషానికి ఆరు ఊపిరులు, రెండు నిమిషాలకు పన్నెండు. ఊపిరి తీసుకున్నప్పుడు గుండె వేగం కొంచెం పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. నిమిషానికి ఆరు దగ్గర ఈ ఎగుడుదిగుడు పెద్దదై, రక్తపోటును సర్దే నాడీ వ్యవస్థ లయతో కలుస్తుంది. నిజానికి ఇది శ్వాస నియంత్రణ, మైండ్‌ఫుల్‌నెస్ కాదు. రెండింటినీ కలిపి చెప్పడం వల్లే "శ్వాస మారకపోతే ధ్యానం కుదరలేదు" అన్న అపోహ పుడుతుంది. అందుకే దీన్ని వేరే పరికరంగా ఇచ్చాం, సమావేశానికి ముందు మాత్రమే.

మూడు రోజులకే ఫిర్యాదు వచ్చింది: తల తేలిపోతోంది, పెదవుల చుట్టూ తిమ్మిరి. చేసి చూపించమంటే కారణం దొరికింది. నెమ్మదిగా తీసుకోమంటే ఆమె నిండుగా తీసుకుంటున్నారు, భుజాలు పైకి లేస్తున్నాయి. ఊపిరులు తగ్గినా ఒక్కోదాని పరిమాణం బాగా పెరిగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దానివల్లే తిమ్మిరి, తల తేలడం. సవరణ: పక్కనున్నవారికి వినపడనంత చిన్న ఊపిరి, అరచేయి పొత్తికడుపు మీద, భుజాలు కదలకూడదు. అంకెలు కూడా తగ్గించి మూడు తీసుకుని నాలుగు వదలడంతో మొదలుపెట్టి, ఇబ్బంది లేకుండా ఉన్నాకే నాలుగు, ఆరుకు వెళ్లాం. ఊపిరి బిగబట్టే పద్ధతులు ఈ కేసులో వాడలేదు. ఎద బిగుతుకు భయపడే మనిషిని ఊపిరి బిగబట్టమనడంలో అర్థం లేదు.

నాలుగో వారం నడక. బండి ఆపిన చోటి నుంచి తలుపు వరకు సుమారు ముప్పై అడుగులు, మామూలు వేగంతో. పాదం లేవడం, కదలడం, ఆనడం. ఫోన్ సంచిలో. ధ్యాస ఎటైనా పోతే తర్వాతి అడుగు దగ్గర మళ్లీ మొదలు, ఆగి వెనక్కి వెళ్లనక్కర్లేదు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి పొట్టను చూడాలి. నడకను మరీ నెమ్మదిగా చేయమని చెప్పే పద్ధతులు ఉన్నాయి, గదిలో అవి బాగానే ఉంటాయి. వీధిలో అలా నడిస్తే చూసేవాళ్ల గురించిన ఆలోచనే మిగులుతుంది.

ఐదో వారం నుంచి మూడు నిమిషాల విరామం. డిప్రెషన్ తిరగబెట్టకుండా రూపొందించిన ఎంబీసీటీ (మైండ్‌ఫుల్‌నెస్‌ను కాగ్నిటివ్ థెరపీతో కలిపిన) కార్యక్రమంలోని అభ్యాసానికి ఇది సర్దుబాటు. మొదటి నిమిషం: ఇప్పుడు ఏముంది? ఆలోచన, భావం, శరీరం, ఒక్కోదానికి ఒక్క మాట. రెండో నిమిషం: ధ్యాసంతా ఒకేచోట, ఈమెకు అరికాళ్లు. మూడో నిమిషం: ధ్యాసను శరీరమంతటికీ, కూర్చున్న కుర్చీకీ, గదికీ వెడల్పు చేయడం. ఎంతమందని అంకె వేసి చెప్పలేం గానీ, ఇరుక్కునేది మొదటి నిమిషంలోనే. "ఏముంది?" అన్న ప్రశ్న "ఎందుకుంది?"గా మారిపోతుంది, ఆ వెంట పై అధికారి మీద కేసు నడుస్తుంది. ఒక్క మాట షరతు అందుకే: "ప్లానింగ్", "చిరాకు", "భుజాలు". రెండో మాట వచ్చిందంటే రెండో నిమిషానికి వెళ్లిపోవడమే.

బాడీ స్కాన్‌ను, అంటే ధ్యాసను శరీరంలో ఒక్కో భాగం మీదుగా వరుసగా నడిపే అభ్యాసాన్ని, ఆరో వారం దాకా ఆపాం. పది నిమిషాలు, సెలవు రోజు పగటిపూట, కుర్చీలో, కళ్లు సగం తెరిచి. పాదాల నుంచి తొడల వరకు, చేతులు, భుజాలు, ముఖం, తల. మొదటిసారి ఎదను దాటవేశాం. రెండోసారి ఒక ఊపిరి సేపు ఎద దగ్గర ఆగి, వెంటనే చేతులకు మళ్లాం. ఎనిమిదో వారానికి నాలుగైదు ఊపిరుల సేపు ఉండగలిగారు, దడ రాలేదు. ఇబ్బంది ఉన్నచోటికి కొంచెం వెళ్లి, సౌకర్యంగా ఉన్నచోటికి తిరిగి రావడం. దీన్ని తొందరపెట్టడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

నమోదు కార్డు

మొదటి వారం అభ్యాసానికి ముందూ తర్వాతా బిగువుకు 0 నుంచి 10 వరకు మార్కు వేయమన్నాం. కాగితం చక్కగా వచ్చింది, అభ్యాసం మాత్రం పాడైంది. "తర్వాత" అంకె తగ్గకపోతే మళ్లీ చేశారు, తగ్గేదాకా చేశారు. రెండో వారం నుంచి ఆ కార్డు తీసేసి మూడు గడుల కార్డు ఇచ్చాం: ముందే, మధ్యలో, అయ్యాక. కోపమో బిగువో వచ్చిన ప్రతిసారీ అది ఎప్పుడు తెలిసిందో ఆ గడిలో ఒక గీత. అంతే. అభ్యాసం ఎన్ని నిమిషాలు చేశారో, వరుసగా ఎన్ని రోజులు తప్పకుండా చేశారో రాయనక్కర్లేదు. వరుస రోజుల లెక్క యాప్‌లకు ఇష్టం, ఒక్క రోజు తప్పగానే మనిషికి మానేయడానికి సాకు.

రెండో వారం కార్డులో గీతలు దాదాపు అన్నీ "అయ్యాక" గడిలో ఉన్నాయి. నాలుగో వారానికి మూడో వంతు "మధ్యలో"కు వచ్చాయి. ఎనిమిదో వారంలో "మధ్యలో" గడి అన్నింటికన్నా నిండుగా ఉంది, "ముందే"లో వారానికి నాలుగైదు. "అయ్యాక" ఖాళీ కాలేదు. ఖాళీ కావాలని లక్ష్యం పెట్టుకోలేదు కూడా.

నాలుగో వారం గండం

నాలుగో వారం చివర ఒత్తిడి స్కోరు 27 నుంచి 28కి పెరిగింది. క్లయింట్ మాటల్లో: "ఇంతకుముందు సాయంత్రం మాత్రమే మెడ నొప్పి ఉండేది. ఇప్పుడు పదింటికే తెలుస్తోంది. ఇది మంచికా చెడుకా?" ఇలాంటి కేసుల్లో చాలామంది మానేసేది ఇక్కడే. గమనిక పెరిగితే ముందుగా కనిపించేది బిగువే. అది పదింటికి కొత్తగా పుట్టలేదు, పదింటికి కొత్తగా తెలిసింది. కార్డులో గీతలు "మధ్యలో"కు జరగడం చూపించి, ఆ స్కోరును ఈ కార్డుతో కలిపి చదివాం. ఒక్క స్కోరే చేతిలో ఉండి ఉంటే ఇద్దరికీ అది వైఫల్యంగానే కనిపించేది.

అయితే ప్రతి పెరుగుదలకూ ఇదే సమాధానం చెప్పేయడం ప్రమాదం. ఆ రోజే పీహెచ్‌క్యూ-9 మళ్లీ చేశాం, 6. నిద్ర పాడవలేదు, తనకు తాను పరాయిగా అనిపించడం, చుట్టూ ఉన్నది నిజం కానట్టు అనిపించడం లాంటివి లేవు. ఇవి ఉంటే అభ్యాసం ఆపాలి, "గమనిక పెరుగుతోంది" అని కొనసాగించకూడదు.

కొత్తగా ముందే తెలిసిన బిగువును ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. తెలియడం ఒక్కటే సరిపోదు, వెంటనే చేయగల చిన్న పని ఒకటి చేతిలో ఉండాలి. మూడు రాసుకున్నాం: కుర్చీ నుంచి లేవడం, జవాబు మెయిల్‌ను డ్రాఫ్ట్‌లో ఉంచి పది నిమిషాల తర్వాత పంపడం, ఇంట్లో అయితే "ఒక్క నిమిషం ఆగు నాన్నా, వస్తున్నా" అని చెప్పి పక్క గదికి వెళ్లడం. మూడోది పిల్లలకూ ముందే చెప్పి పెట్టారు, లేకపోతే అమ్మ అలిగి వెళ్లిపోయిందనుకుంటారు.

ఎనిమిదో వారం

ఒత్తిడి స్కోరు 19. నిద్ర స్కోరు 16 నుంచి 10కి. నిద్ర పట్టే సమయం డైరీ ప్రకారం గంటకు పైగా నుంచి అరగంట చుట్టుపక్కలకు వచ్చింది, ఇందులో కాఫీ మానడానికీ, పక్క మీద మెలకువగా దొర్లకుండా లేచి కూర్చోవడానికీ పెద్ద వాటా ఉండే అవకాశం ఉంది. జీఏడీ-7 స్కోరు 5. ఉదయపు దవడ నొప్పి తగ్గింది, అది గార్డు వల్ల కూడా కావచ్చు. మెడ నొప్పి మారలేదు. స్క్రీన్ ఎత్తు కంటి మట్టానికి బాగా కిందుగా ఉన్నట్టు ఏడో వారంలో గానీ ఎవరం అడిగి తెలుసుకోలేదు. ఫిజియోథెరపిస్ట్‌కు పంపాం. ధ్యాస పెట్టి చూస్తూ కూర్చుంటే మెడ వంపు సర్దుకోదు.

పనిభారమూ మారలేదు. అయితే ఆరో వారంలో ఆమె ఖాళీ పోస్టు గురించి పై అధికారికి రాతపూర్వకంగా అడిగారు. పనుల జాబితా, వాటికి పట్టే గంటలు జతచేశారు. ఈ పని ప్రణాళికలో ముందే ఉండాల్సింది. జరుగుతున్న అన్యాయాన్ని ఓర్చుకునే సాధనంగా మైండ్‌ఫుల్‌నెస్‌ను అందించడం వృత్తిరీత్యా తప్పు. ఒత్తిడికి మూలం మనిషి బయట ఉన్నప్పుడు అక్కడ మార్చగలిగింది ఏమిటన్న ప్రశ్న మొదటి సెషన్‌లోనే రావాలి.

మూడు నెలల తర్వాత

లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో రోజువారీ చిన్న పని ఒకటి అలవాటుగా స్థిరపడటానికి పట్టిన మధ్యగత సమయం (సగం మందికి ఇంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ) 66 రోజులు, వ్యక్తిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 వరకు. ఎనిమిది వారాలంటే 56 రోజులే. కాబట్టి కార్యక్రమం అయ్యేసరికి అలవాటు కుదిరిపోయిందని అనుకోకుండా నెలకొకసారి అరగంట ఫాలోఅప్ పెట్టాం.

మూడో నెలలో చూస్తే అభ్యాసాల్లో మిగిలినవి రెండు: పాస్‌వర్డ్ ముందు అరికాళ్లు, బండి నుంచి తలుపు వరకు నడక. బాడీ స్కాన్ పోయింది, మూడు నిమిషాల విరామం అప్పుడప్పుడు. స్కోరు 20. ఇది నష్టం కాదు. ఐదు నేర్పితే రెండు నిలవడం మామూలే, ఏ రెండు నిలుస్తాయో ముందే తెలియదు కాబట్టే ఐదు నేర్పడం. పోయినవాటిని తిరిగి తెప్పించే ప్రయత్నం చేయలేదు.

నెలాఖరు లెక్కల వారంలో మాత్రం రెండూ ఎగిరిపోతున్నాయని చెప్పారు. ఆ వారానికి వేరే కనీస కోటా పెట్టాం: రోజుకు ఒక్కసారి, పదిహేను సెకన్లు, అరికాళ్లు మాత్రమే, కార్డు అక్కర్లేదు. వరుసగా రెండు వారాలు "అయ్యాక" గడి మళ్లీ నిండినా, నిద్ర వారంలో నాలుగు రాత్రులకు మించి చెడినా, ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం రెండు వారాలు కొనసాగినా ఫాలోఅప్ తేదీ కోసం ఆగకుండా రావాలి. ఆత్మహత్య ఆలోచన వస్తే అభ్యాసం చేస్తూ కూర్చోకూడదు, అదే రోజు డాక్టరునో అత్యవసర సహాయాన్నో సంప్రదించాలి. ఈ నాలుగు వాక్యాలూ కార్డు వెనక రాసి ఇచ్చాం.